బొట్టు పెట్టిన ప్రాసెసర్

ఎనభైల చివర్లో మా అమలాపురంలోని ఒక సహకార సంఘం నాలుగు టెర్మినళ్లను నడిపే పెద్ద కంప్యూటర్ కొంటోంది. దానికి సంఘం లెక్కల ప్రోగ్రాం రాసే పని నాది. రెండు రకాల ప్రాసెసర్లు పోటీలో ఉన్నాయి. ఒకదానికి రాసిన ప్రోగ్రాం రెండోదానిలో నడవదు. సంఘం సెక్రటరీ మా బావగారే కనక ఆయన్నే అడిగాను. "మొదటి రకమేనండీ, రాసేయండి" అన్నారు. ఎనిమిది నెలలు కూర్చుని రాశాను.

ప్రారంభం రోజున మెషీన్‌కి నేనే బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ ఫ్లాపీ పెట్టాను. ప్రోగ్రాం కదల్లేదు. లోపలున్నది రెండో రకం!

"మార్చేరా బావగారూ?"

"ఆయ్, మూడు నెలలైందండీ. దాని ఏజెన్సీ మా తమ్ముడికొచ్చింది. చెబితే మీరు అడ్డుపడతారని..."

ఆ మూడు నెలలూ రోజూ మా ఇంట్లో కాఫీ తాగుతూ, "ప్రోగ్రాం ఎందాకా వచ్చిందండీ?" అని అడిగింది ఈయనే.

ప్రోగ్రాం మళ్లీ రాశాను. ఆయనకు మాత్రం మళ్లీ కాఫీ ఇవ్వలేదు.