చింతకర్ర తెడ్డు

తాతల నాటి ఇల్లు అమ్ముడుపోయాక, మా ఇంటి విందులకు అన్నం కలిపే చింతకర్ర తెడ్డు ఒక్కటే తెచ్చుకున్నాను. శంషాబాద్ బస్టాండులో పక్కన కూర్చున్న ఆవిడ దాన్ని తడిమి చూసింది.

"పగుళ్లొచ్చినయన్నా. వంటల పెట్టక ఎన్నేండ్లాయె?"

"గోడకు తగిలిస్తాను," అన్నాను.

"గోడకు అన్నం వండుతరా ఏంది?" అని నవ్వి, సంచిలోంచి సీసా తీసి, కొంగుతో తెడ్డంతా నూనె పట్టించింది. "రేపు మహేశ్వరంల మా చర్చి విందు. జర ఇయ్యండ్రి, మళ్ల తెచ్చిస్త. మీ ఇల్లెక్కడ?"

అద్దె గది చిరునామా చెప్పడానికి నోరు రాలేదు.

"తేనక్కర్లేదు. ఇచ్చింది తిరిగి తీసుకునే అలవాటు మాకు లేదు."

ఆవిడ రెండు చేతులతో అందుకుంది. "అయితే మీరే రాండ్రి. మాతోని తిందురు."

మా పెద్దలు ఎన్నో పంక్తులకు వడ్డన చేయించారు కానీ, ఇంకొకరి పంక్తిలో ఎన్నడూ కూర్చోలేదు. మర్నాడు నేను కూర్చున్నాను.