సరంగుగారి విస్తరి

మేమెక్కిన విహారయాత్ర ఓడ విశాఖ రేవులో ఆగగానే, ఊరు చూపిస్తామని మమ్మల్ని బస్సెక్కించి, తప్పిపోకుండా తలా ఒక నంబరు కాగితం గుండెల మీద అతికించారు. ఈ వయసులో నాకు పసిపిల్లలా ఈ చీటీ ఏమిటని విసుక్కుంటూ కిటికీ తెరిచానో లేదో, డీజిలు వాసన గుప్పుమంది. దాంతో విసుగంతా పోయి మా ముక్తేశ్వరం రేవు కళ్ల ముందుకొచ్చింది.

మా చిన్నప్పుడు వేసవిలో గోదావరి మీద యాత్రికుల లాంచీ ఒకటి వచ్చి మా రేవులో కాసేపు ఆగేది. దిగినవాళ్లకి ఊరు చూపించే పని మా పెదనాన్నగారు ఎవరూ అడక్కుండానే నెత్తినేసుకున్నారు. చాపల మీద ఎండుతున్న మామిడితాండ్ర, పెరళ్లలో మగ్గుతున్న పనసపళ్లు, కాలవలో నానుతున్న కొబ్బరిపీచు, అన్నీ కలిసిన ఆ వాసనలోంచి ఆయన ముందు నడుస్తుంటే వెనక యాత్రికులు, వాళ్ల వెనక మా పిల్లమూక. అయితే ఏ అరుగు దాటబోయినా "కాస్త మజ్జిగ పుచ్చుకు వెళ్లండి" అని పట్టుకునేవారు. మావాళ్ల మర్యాద అలాంటిది. మజ్జిగ తాగడంతోనే సరిపోయి, ఊరు పూర్తిగా చూసిన యాత్రికుడు ఒక్కడూ లేడు.

ఒకసారి ఆ గుంపులో తల నెరిసిన ఒకావిడ వచ్చింది. మా ఊళ్లోనే పుట్టిందట; తల్లి పోతే పసితనంలోనే బంధువులెవరో తీసుకుపోయారట. కాలవ చివరనున్న ఆ ఇల్లు ఒక్కసారి చూడాలని అంత దూరం వచ్చింది. తీరా మా ఇంటి దగ్గరికి వచ్చేసరికే లాంచీ కూత వేసింది. "పోనీలెండి బాబూ, ఊరు చూశాను, చాలు" అని ఆవిడ కళ్లొత్తుకుని వెనక్కి తిరిగింది.

అరుగు మీదున్న మా పెద్దమ్మ ఆ మాట విని తిన్నగా రేవుకి నడిచింది.

"సరంగుగారూ, భోంచేసేరాండీ?"

"ఎక్కడండీ, వేళయిపోయిందండి," అన్నాడు లాంచీ నడిపే ఆయన.

"మా రేవులోంచి ఆకలితో వెళ్తే మా పరువేం కావాలండీ? లేవండి."

"ఆయ్," అనక తప్పలేదు పాపం.

విస్తట్లో పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ. ఆయన లేవబోయినప్పుడల్లా పెద్దమ్మ నెయ్యిగిన్నెతో ప్రత్యక్షమయ్యేదట. సరంగు విస్తరి ముందుండగా లాంచీ ఎక్కడికి పోతుంది? ఈలోగా పెదనాన్నగారు జన్మలో మొదటిసారి ఏ అరుగూ ఎక్కకుండా ఆవిణ్ని ఆ ఇంటికి తీసుకెళ్లారు. మేమూ వెంటపడ్డాం. వంటింటి వసారాలో ఒక పాత స్తంభం ఉంది. ఏళ్ల తరబడి కవ్వం తాడు రాపిడికి దానిమీద గాడి పడింది. ఆవిడ ఆ గాడిలో వేలు పెట్టి, "అమ్మ మొహం గుర్తులేదండీ. చిలికే చప్పుడు మాత్రం గుర్తుంది" అంది. చాలాసేపు ఆ వేలు తియ్యలేదు.

తిరిగొస్తున్న ఆవిడ మొహం గుమ్మంలోంచి చూశాకే పెద్దమ్మ సరంగుతో, "ఇంక పెరుగు వేసుకోండి బాబూ" అంది.

ఇప్పుడు ఆ లాంచీ రాదు, ఆ స్తంభం లేదు, పెదనాన్నగారూ పెద్దమ్మా లేరు. జెండా పట్టుకున్న గైడు పిల్ల మమ్మల్ని సముద్రం ఒడ్డున దింపి, "ఫొటోలకి పది నిమిషాలేనండీ" అంది. పొద్దుట్నించీ అరిచి అరిచి గొంతు పోయింది పాపం.

"ఏమన్నా తిన్నావా అమ్మా?" అన్నాను.

లేదని తలూపింది. సంచిలోంచి సున్నుండల డబ్బా తీసి చేతిలో పెట్టాను. ఆ పిల్ల గట్టు మీద కూలబడి తింటున్నంతసేపూ బస్సు కదల్లేదు. పెద్దమ్మా, నీ ధర్మమా అని ఇవాళ సముద్రాన్ని తనివితీరా చూశాను.