నర్సవ్వ ఇంటి గడప

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేదాన్ని. భయపడి కాదు, విసుగొచ్చి. బావి దగ్గర తెల్లచీర కనిపించిందని ఎవరైనా అంటే "ఎవరో ఆరేసి మరిచిపోయి ఉంటారు" అని అందరి ఉత్సాహం మీద నీళ్లు చల్లే రకాన్ని. ఇప్పటికీ అలాంటిదాన్నే. అందుకే ఈ ఒక్క సంగతి చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది.

ఎనభైల మధ్యలో నేను హైదరాబాద్‌లో చిత్రకళలో ఎం.ఎఫ్.ఏ. చేస్తున్నాను. చివర్లో ఒక ప్రదర్శన పెట్టాలి, ఒక సిద్ధాంత వ్యాసం రాయాలి. రెండూ చూసి మా గైడ్ సార్ సంతకం పెడితేనే డిగ్రీ. నాన్నను మేం బాపు అని పిలుస్తాం. బాపు కామారెడ్డిలో బడిపంతులు. బొమ్మలు గీయడానికి కూడా పెద్ద చదువుంటుందా అని చుట్టాలు ఆయన్ని ఎప్పుడూ ఆటపట్టించేవాళ్లు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఎలాగైనా డిగ్రీ తెచ్చి తీరాలనిపించేది.

నేను ఎంచుకున్న విషయం గడపలు. చిన్నప్పుడు పావలా బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే బొమ్మ దిగేది కదా, అదే పని. పాత ఇళ్ల గడపల మీద పలచటి కాగితం పరిచి, చెప్పులు కుట్టేవాళ్లు వాడే నల్ల మైనంతో రుద్దేదాన్ని. చెక్క ఎత్తుగా ఉన్నచోట నల్లగా పడుతుంది. గుంట ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా పాదాలు ఎక్కడ పడ్డాయో కాగితం మీదికి వచ్చేస్తుంది.

నా వ్యాసమంతా ఒక్క వాక్యం మీద నిలబడింది. రుద్దిన కాగితం ఉన్నదాన్నే చూపిస్తుంది, లేనిదాన్ని చూపించదు. గీసిన బొమ్మ అబద్ధమాడగలదు కానీ ఇది ఆడలేదు. ఆ వాక్యం రాసుకుని తెగ మురిసిపోయాను.

కామారెడ్డిలో పొద్దున బస్సెక్కి, కాగితాలున్న రేకు గొట్టం ఒళ్లో పెట్టుకుని ఎల్లారెడ్డి వెళ్లేదాన్ని. "దీనికి సుత టికెట్ కొట్టాల్నా అక్కా?" అని కండక్టర్ రోజూ అదే పరాచికం ఆడేవాడు.

ఎల్లారెడ్డిలో నేను చూసిన గడపలన్నీ నడుమ అరిగిపోయి ఉన్నాయి. పోల్చి చూపడానికి అరగని పాత గడప ఒకటి కావాలని వెతుకుతుంటే నర్సవ్వ ఇల్లు దొరికింది. ఆమెకు అరవై ఉంటాయేమో. గుమ్మం పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. భర్త బాలయ్య పెద్దగా మాట్లాడేవాడు కాదు. వాళ్ల టేకు గడప పాతదే, కానీ పలకలా నున్నగా ఉంది.

"మా ఇంట్ల నడిచేటోళ్లెవరు బిడ్డా? మేమిద్దరమే. అరిగేదెట్ల?" అంది నర్సవ్వ.

కాగితం రుద్ది, చుట్టి, ఇంటికి తెచ్చాను. సాయంత్రం ముందు గదిలో దండెం మీద వేస్తే, చాయ్ తాగుతూ బాపు దగ్గరికొచ్చి చూశాడు.

"గిదేంది? పసిపిల్ల వేళ్లు వెట్టినట్టుంది" అన్నాడు.

గడప లోపలి అంచున నాలుగు చిన్న మచ్చలు తెల్లగా మిగిలాయి. ఇంట్లోంచి ఎవరో పసివాళ్లు గడపను పట్టుకున్నట్టే ఉంది. కాగితం ముడత పడి ఉంటుందన్నాను. బాపు సరేనన్నాడు కానీ, పడుకోబోయే ముందు మళ్లీ ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు.

ముడత లేని కాగితం కోసం మళ్లీ వెళ్లాను. ఈసారి రుద్దే ముందు గడపంతా అరచేత్తో తడిమాను. గీత కూడా తగల్లేదు. రుద్దుతుంటే నలుపు మధ్యలోంచి ఒక చిన్న అరచేయి తెల్లగా తేలింది. ఐదు వేళ్లూ విడివిడిగా, వీధి వైపు చాచి ఉన్నాయి. లోపలి అంచున మొన్నటి మచ్చలు లేవు. కాగితం ఎత్తి అదే చోట చెక్కను తడిమాను. నున్నగా ఉంది.

మిట్టమధ్యాహ్నం. ఎదురింటామె చాప మీద మిరపకాయలు ఆరబోస్తోంది. పక్కింట్లో రేడియో మోగుతోంది. అంత వెలుతురులో, అంత సందడిలో నాకు వెన్ను జలదరించింది. నర్సవ్వ వంటింట్లో ఉంది. ఆమెకేమీ చెప్పకుండా కాగితం చుట్టుకుని వచ్చేశాను.

ప్రదర్శన కామారెడ్డిలోనే పెట్టుకోవడానికి కాలేజీ ఒప్పుకుంది. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక బడి హాలు దొరికింది. ముందుగా పని చూడటానికి గైడ్ సార్ రైల్లో వచ్చారు. ఆయన శిల్పి. ఎవరినీ, దేన్నీ నమ్మని మనిషి. హోటల్లో చాయ్ ఇచ్చినా ముందు వాసన చూసేవారు. గోడ మీద వరసగా ఉన్న గడపలన్నీ చూసుకుంటూ వచ్చి ఆ రెండు కాగితాల దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడ మైనం తగలకుండా వదిలేసి చేయి బొమ్మ గీశావు" అన్నారు.

"గీయలేదు సార్."

"అయితే నీ వ్యాసం తప్పు. ఈ కాగితం అబద్ధమో, నీ రాత అబద్ధమో తేల్చు. తేలకుండా నేను సంతకం పెట్టను."

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆ రెండూ తీసి పెట్టెలో పడేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ చేయని తప్పు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. "మీరే వచ్చి రుద్దండి సార్" అన్నాను.

మర్నాడు ఇద్దరం ఎల్లారెడ్డి వెళ్లాం. ఆయన నా కాగితం ముట్టలేదు, కామారెడ్డి బజారులో తానే కొన్నారు. గడపకు పసుపు రాసి ఉండటం చూసి, "ఈ పసుపు పొరే అచ్చు పడుతోంది" అని తేల్చేశారు. నర్సవ్వను అడిగి గడప కడిగించారు. ఆరేదాకా అరుగు మీద కూర్చున్నాం. ఆరాక గోటితో గీరి చూసుకుని, కాగితం పరిచి, తానే రుద్దడం మొదలుపెట్టారు. నన్ను వీధిలోకి పోయి నిలబడమన్నారు.

సగం దాకా చేయి ధీమాగా ఆడింది. తర్వాత నెమ్మదించింది. చివరికి వచ్చేసరికి ఆయన చెవుల వెంట చెమట కారుతోంది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. చిన్న అరచేయి ఇప్పుడు గడప బయటి అంచున ఉంది. దాని వెనక, గడప నడుమ, గుండ్రటి తెల్లమచ్చ ఒకటి కొత్తగా వచ్చింది.

"ఇదేమిటి?" అన్నారు సార్, తనలో తానే.

"మోకాలు" అంది నర్సవ్వ.

ఆమె గుమ్మం లోపల నిలబడి చూస్తోంది. ఈ అచ్చుల్లో ఒకదాన్ని ఆమె చూడటం అదే మొదటిసారి. మెల్లగా కూలబడింది.

"మా సుశీల సారూ. పాకుడు నేర్సింది. కడప కాడికొచ్చి వేళ్లు వెట్టి, ఎనక్కి మర్రి నా మొకం జూసేది. దాటరాకపోతుండె."

పిల్ల మొదటిసారి గడప దాటితే తీపి పంచడం మా వైపు ఆనవాయితీ. ఇవాళో రేపో దాటుతుందని బాలయ్య బెల్లం, పుట్నాలు తెచ్చి ఉట్టి మీద పెట్టాడట. ఇంతలో పిల్లకు జ్వరం వచ్చింది, మళ్లీ తగ్గలేదు.

"తనంతల తాను దాటలే బిడ్డా" అంది నర్సవ్వ నాతో. "ఎత్తుకపోయిండ్రు."

ఆ తర్వాత వాళ్లకు పిల్లలు కలగలేదు. నేను ఆ వీధిలో అన్నిసార్లు తిరిగినా ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది?

నర్సవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "ఏమయ్యా, బెల్లం పుట్నాలు తేపో" అంది. బాలయ్య అప్పటిదాకా ఆ కాగితం మీదికి వంగి చూస్తున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని దుకాణానికి వెళ్లాడు.

వాడకట్టంతా పంచింది నర్సవ్వ. "మా పిల్ల కడప దాటింది, నోరు తీపి జేస్కోండ్రి" అంటూ ఇంటింటికీ తిరిగింది. మిరపకాయలు ఆరబోసే ఆమె చేతులు కడుక్కుని వచ్చి కొంగు పట్టింది. ఏ పిల్ల అని ఎవరూ అడగలేదు. మా సార్ రెండు చేతులూ చాచి తీసుకున్నారు. వాసన చూడకుండా నోట్లో వేసుకున్నారు.

"గా కాగితం నాకుంచు బిడ్డా" అంది నర్సవ్వ. నేను సార్ వైపు చూశాను. నేను గీయలేదనడానికి నాకున్న రుజువు అదొక్కటే. "ఇచ్చెయ్" అన్నారు.

కామారెడ్డి స్టేషన్‌లో రైలు వచ్చే ముందు సార్ వ్యాసం అడిగి తీసుకుని సంతకం పెట్టారు. "మరి ఆ వాక్యం సార్?" అన్నాను.

"ఉండనీ" అన్నారు.

ఆ తర్వాత నేనొక్కదాన్నే వెళ్లి ఆ గడపను మళ్లీ రుద్దాను. చెక్క నారలు తప్ప ఏమీ పడలేదు. కొన్నేళ్లకు ఇంకోసారి చూశాను, అదే సంగతి. చెక్కలో తేమ అని ఒక వడ్రంగి అన్నాడు. ఎండకు మైనం మెత్తబడి ఉంటుందని తోటి ఆర్టిస్టు ఒకామె అంది. తేమ లోపలి నుంచి వీధి వైపు పాకుతుందా, మోకాలితో సహా? అడిగితే వాళ్లూ నవ్వేశారు. దయ్యమనడానికి నాకు నోరు రాదు. ఆ రోజు ఆ ఇంట్లో భయపడ్డవాళ్లు కూడా ఎవరూ లేరు.

ప్రదర్శన రోజు నర్సవ్వ, బాలయ్య కొత్త బట్టలు కట్టుకుని బస్సులో కామారెడ్డి వచ్చారు. బాపు వాళ్లకు కుర్చీలు వేశాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నర్సవ్వ గడప కాగితాలు రెండింటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. వేళ్లు, తర్వాత అరచేయి, ఆ పక్కన ఖాళీ గోడ.

"దీని తర్వాతది ఏదమ్మా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి నర్సవ్వ అందుకుంది.

"దాటింది గద సారూ. ఇంక ఈడ ఎందుకుంటది?"