చార తెగని గలీబు

మా పెద్ద తోటికోడలు పోయిందన్న కబురు సాయంత్రం పాసింజరు గార్డు తెచ్చాడు. కొండ దిగి కొత్తవలసలో బండి ఆగగానే ప్లాట్‌ఫారం మీదున్న పోర్టరుతో చెప్పి మా ఇంటికి పంపాడు. కింద ఉన్న మాకు అరకు లోయ కబుర్లన్నీ ఎప్పుడూ రైల్లోనే వచ్చేవి. ఇదీ అలాగే వచ్చింది. పూలచెట్టుకు నీళ్లు పోస్తూనే ఒరిగిపోయిందట. ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయింది.

నేను కొత్త కోడలిగా లోయలో వాళ్లుండే రైల్వే క్వార్టర్‌కు వెళ్లిన ఏడాదే వానల్లో కొండరాయి దొర్లి మా బావగారి కుడి తుంటి విరిగింది. ఎముక అతికింది కాని కాలు మడత పడదు. పై అధికారి మంచివాడు, టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే పని ఇచ్చాడు. కూర్చోవడమే కష్టమైంది. కొండ వడ్రంగి ఒకాయన కూర్చునే బల్లను కుడివైపు ఏటవాలుగా కోసి, కాలు చాచుకునేలా కుర్చీ చేసిచ్చాడు. దానికి తగ్గట్టు అక్క, అంటే మా తోటికోడలు, బూరుగు దూదితో దిండు కూరింది. ఎడమవైపు చదరం, కుడివైపు జారుడుబల్ల. దాన్ని ఏ ఆకారమనాలో ఇప్పటికీ నాకు తెలియదు.

పైన దుప్పటి పరిస్తే జారిపోయేది. సంచిలా కుట్టి తొడిగితే తొడ కింద ముడతలు పడి, అక్కడ మానుతున్న రాతిదెబ్బ గాయం మళ్లీ రేగేది. దసరా దాకా చూస్తానని, అప్పటికీ కూర్చోలేకపోతే వేరే మనిషిని వెయ్యక తప్పదని అధికారి చెప్పాడు. పని పోతే క్వార్టర్ కూడా పోతుంది. అక్క ఏడవలేదు. చేతి కుట్టుమిషను తుడిచి నూనె వేసింది.

"గలీబు దిండు కన్నా పిసరు సిన్నదవ్వాల, సెల్లీ. వదులైతే ముడత, ముడతైతే పుండు," అంది నాతో.

కుట్టుపని తెలిసినవాళ్లు అది ఎంత కష్టమో గ్రహిస్తారు. కొలతలు తీయడానికి పాత పేపరు పరిస్తే ఏటవాలు వంపు దగ్గర చిరిగిపోయేది. ఆ రోజు సంత. విస్తర్లు అమ్ముకుని ఇంటికి వెళుతున్న గిరిజనావిడ ఒకామె మంచినీళ్లకు ఆగి, చాలాసేపు చూసింది. "కాగితం వంగదమ్మా. ఆకైతే వంగుద్ది," అంటూ గంపలో మిగిలిన పచ్చి అడ్డాకులు తీసింది. ఇద్దరూ వరండాలో కూర్చుని, విస్తరి కుట్టినట్టే వెదురుపుల్లలు గుచ్చుతూ దిండంతటికీ ఆకుల చొక్కా తొడిగారు. ఆకు వంపుతోపాటే వంగింది. దాన్ని విప్పి పరిస్తే దిండు అచ్చు దిగింది.

సంతలో కొన్న నీలిచారల పరుపుగుడ్డ మీద ఆ అచ్చు పెట్టి అక్క పైముక్క కత్తిరించింది. తరువాత అడుగుముక్క. రెండూ కలిపి చూస్తే పొసగలేదు. గుడ్డకు చారలు ఒక పక్కే, కాబట్టి అడుగుముక్కకు అచ్చును తిరగేసి పెట్టాలి. విస్తరి వేసే చెయ్యి కదా, రెండుసార్లూ ఆకుల నున్నటి వైపే పైకి పెట్టింది.

"తినే అలవాటు సెల్లీ. నున్న పక్కే పైకెట్టీసినాను," అని నుదురు కొట్టుకుంది.

మంచం మీంచి బావగారు, "ఆ ముక్క పారీకు. ఈసారి ఎడంకాలు ఇరగ్గొట్టుకుంటాను, సరిపోద్ది," అన్నారు. ఆయనకు దెబ్బ తగిలాక ఆ ఇంట్లో మేం ముగ్గురం కలిసి నవ్వింది అప్పుడే.

గుడ్డ ఇక కొద్దిగానే మిగిలింది. అది అడుగుముక్కకు సరిపోయింది. చెడిన ముక్కను అక్క పట్టీలుగా కోసి దిండు చుట్టూ పక్కలకు వాడింది. పైముక్కలో చార ఎక్కడ ఆగిందో పట్టీలో అక్కడే మొదలయ్యేలా ప్రతి చారనూ కలిపింది. ఏ కుట్టూ ఒంటికి తగలకుండా అన్నిటినీ అంచు కిందికి దింపింది. జారకుండా కుర్చీకాళ్లకు కట్టడానికి నాడాలు పెట్టింది. తొడిగాక చేత్తో రాసి చూశాను. ఒక్క ముడత లేదు. ఏటవాలు మీదుగా చారలు వాననీరు దిగినట్టు దిగాయి.

దసరాకు బావగారు కిటికీ వెనక కూర్చునే ఉన్నారు. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నారు. గలీబులు చిరిగినప్పుడల్లా అక్క కొత్తవి కుట్టింది, ఎప్పుడూ ఆ చారలగుడ్డే. ఎవరైనా మెచ్చుకుంటే, "ఆకులావిడి ముందు, నాను ఎనక," అనేది. లంబసింగి నుంచి కూడా మనుషులు సోఫా దిండ్లకు కొలతలు తియ్యమని వచ్చేవారు. అక్క కొలతలు తీసేది కాదు, ఆకులు తెమ్మనేది. నేను ఇంటి పనులన్నీ ఒక వరసలో చేసే మనిషిని. ఆ వరస నాకు అక్క దగ్గరే వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాను.

అక్క కర్మల పెద్దదినానికి లోయకు వెళ్లాను. బావగారు అదే కుర్చీలో కాలు చాచి కూర్చున్నారు. పరామర్శకు వచ్చినవాళ్లకు గలీబు అంచు ఎత్తి చూపించారు. "సూడండి, చార ఎక్కడైనా తెగిందేటి? మా ఇంటిది కుట్టింది," అన్నారు. తల నిటారుగానే ఉంది.

భోజనాలకు అందరూ నేల మీద బంతిలో కూర్చున్నారు. ఆయనకు ఒళ్లో పళ్లెం పెట్టి దాని మీద అడ్డాకు విస్తరి వేశాను. అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. విస్తరి తిరగేసి, ఆనాడు అక్క పైకి పెట్టడం మరిచిన గరుకు పక్క పైకి పెట్టుకున్నారు. గుచ్చిన పుల్లల మీద బొటనవేలితో రాస్తూ, ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టుకు మెల్లగా వెళ్తున్నారు. వడ్డన గరిటె పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను.