పేలని మందు, ఎత్తని లాఠీ

అది 1942. నేను పంజగుట్ట పోలీసు నాకాలో, అంటే ఔట్‌పోస్టులో, జవానుగా చేరి ఏడాది దాటింది. మా ఇల్లు అమీర్‌పేటలో. పొద్దున్నే అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు పట్టుకుని నడిచి వచ్చేవాణ్ని. ఇప్పుడు ఆ దారిలో రోడ్డు దాటాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. అప్పుడు తోటలు, గుట్టలు, రాళ్లు కొట్టే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

నా పైన జమేదార్ ఖాసిం సాబ్ ఉండేవారు. జమేదార్ అంటే ఇప్పటి హెడ్ కానిస్టేబుల్. మనిషి బక్కపలచన, నోరు మాత్రం మహా పదును. కొత్తలో నా నడక చూసి, "దేవదానం, లాఠీ నీ చేతిల ఉన్నదా, నువ్వే లాఠీ చేతిల ఉన్నవా?" అని ఆటపట్టించేవారు. చట్టం నేను పుస్తకాల్లో కన్నా ఆయన తిట్లలోనే ఎక్కువ నేర్చుకున్నాను. "పట్టుకునుడు మన పని, సజా ఏసుడు అదాలత్ పని. రెండూ నువ్వే జేస్తే జడ్జి సాబ్ ఇంట్ల కూసోవాల్నా?" అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం రాతిగని మున్షీ తలకు తువ్వాలు అదుముకుని పరుగెత్తుకొచ్చాడు. మున్షీ అంటే కాంట్రాక్టరు తరఫున పనిచేయించే గుమాస్తా. తువ్వాలంతా నెత్తురు.

"ఎల్లయ్య అనేటోడు గడ్డపారతోని కొట్టిండు సాబ్. ఏం అనకముందే కొట్టిండు."

ఆయుధంతో గాయం చేస్తే వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. అలాంటి నేరాన్ని కాగ్నిజబుల్ అంటారు. గని కూతవేటు దూరమే. వెంటనే బయల్దేరాం, మున్షీ దారి చూపిస్తూ వచ్చాడు.

గనిలోకి పోయే కాలిబాటకు అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నల్లగా, గుట్టలోంచే చెక్కినట్టున్నాడు. ఒక చేతిలో గడ్డపార, ఇంకో చేతిలో ఎర్రగుడ్డ. మమ్మల్ని చూడగానే గడ్డపార పైకెత్తాడు.

"రావద్దు. ఆడనే ఉండుర్రి. ఒక్క అడుగు ఏసినా ఊకోను."

"చూసిన్రా సాబ్, పోలీసోళ్లకు సుత భయపడ్తలేడు," అన్నాడు మున్షీ.

తిరగబడేవాడి మీద బలం వాడొచ్చు. కాకపోతే పట్టుకోవడానికి ఎంత కావాలో అంతే. దాన్నే మినిమమ్ ఫోర్స్ అంటారు. నాకు తెలుసు. కానీ గడ్డపార కళ్ల ముందు ఊగుతుంటే రక్తం ఉడుకుతుంది. పక్కనుంచి ఎక్కి మోచేతి మీద ఒక్కటి వేస్తే గడ్డపార జారిపోతుందని లెక్కేసుకుని కదిలాను. ఖాసిం సాబ్ నా బెల్టు పట్టుకుని వెనక్కి గుంజారు.

"జర ఆగు. అడుగుదాం." గొంతు పెంచి, "ఎల్లయ్యా, ఎందుకు రావద్దంటున్నవ్?" అన్నారు.

ఎల్లయ్య మొహం మారిపోయింది. అంతవరకు ఆ మాట అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

"మందు పేలలేదు దొరా. వత్తి ముట్టిచ్చింది నేనే. ముట్టిచ్చినోడే కావలుండాలె, అది మా కట్టుబాటు. మున్షీ సాబ్ బండ్లు నింపాలని లోపలికి ఉరికిండు. గడ్డపార అడ్డం పెట్టి నూకిన. బండకు తల తాకింది."

పేలకుండా ఆగిన మందును మిస్‌ఫైర్ అంటారని తర్వాత తెలిసింది. వత్తి లోపల నిప్పు రాజుకుంటూ ఎప్పుడైనా అంటుకోవచ్చు. మున్షీ వైపు చూశాం. "పని ఎగ్గొట్టనీకి చెప్తున్నడనుకున్న," అని గొణిగాడు.

ఖాసిం సాబ్ మమ్మల్నందరినీ పెద్ద బండ చాటున కూర్చోబెట్టారు, ఎల్లయ్యను కూడా పిలిచి. బీడీ ముట్టించబోయిన ఆయన్ని ఎల్లయ్యే వారించాడు. కాసేపటికి గుట్ట అదిరింది. చెవులు గింగురుమన్నాయి. దుమ్ము తగ్గాక లేచి చూస్తే, నేను ఎక్కుదామనుకున్న పక్కదారిలో గుమ్మడికాయంత రాయి పడి ఉంది.

ఎల్లయ్య గడ్డపార కింద పెట్టి రెండు చేతులూ చాపాడు. "ఇగ కట్టుర్రి దొరా. కానీ హవాలాత్‌ల ఏస్తే నా నౌకరీ పోతది. ఇంట్ల చిన్నపిల్లలున్నరు."

హవాలాత్ అంటే లాకప్పు. ఖాసిం సాబ్ అతని చేతులు కిందికి దించారు. పెద్ద ప్రమాదం తప్పించడానికి మంచి మనసుతో చేసిన చిన్న హాని నేరం కాదని చట్టంలోనే ఉందని మున్షీకి చెప్పారు. మున్షీ తలవంచుకుని, "ఫిర్యాద్ వద్దు సాబ్. ఆయన నౌకరీకి నేను జిమ్మా," అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా, అది అతని గొప్పతనం.

ఆ తర్వాత నేనూ జమేదారునయ్యాను. కొత్త జవాన్లు వస్తే, లాఠీ పట్టుకోవడం కన్నా ముందు 'ఎందుకు' అని అడగడం నేర్పేవాణ్ని. ఆ ఒక్క మాటకు ఎంత విలువుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు.

గనిలో మందు పేలిన రోజు సాయంత్రం ఇంటికెళ్లి జరిగిందంతా అమ్మకు చెప్పాను. ఆమె నా తల నిమిరింది. మా ఇంట్లో రోజూ భోజనానికి ముందు ప్రార్థనలో అమ్మ మా అందరి పేర్లూ చెప్పేది. ఆ రోజు నా పేరు తర్వాత ఇంకో రెండు పేర్లు చేర్చింది: ఖాసిం, ఎల్లయ్య. బతికినన్నాళ్లూ మానలేదు. అమ్మ పోయాక ఆ రెండు పేర్లూ నేను చెబుతున్నాను.