నాయన తద్దినానికి వచ్చిన ఎర్రకళ్ల పక్షి

మొన్న ఒక పక్షి పేరు సరిగ్గా చెప్పినందుకు నాకేం జరిగిందో వినండి. టీ చల్లారకముందే ముగిస్తాను.

మా నాయన సంవత్సరీకం. తిరుపతిలో మా ఇంటి పెరట్లో, పిట్టగోడ మీద పిండం పెట్టాం. కాకి ముట్టాలి. ముట్టాకే అమ్మ భోజనం చేస్తుంది. అమ్మకు షుగర్. పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు.

రోజూ గోల చేసే కాకులు ఆ రోజు ఒక్కటీ లేవు! మిట్టమధ్యాహ్నం. మామిడాకు కదల్లేదు. పక్కింటి రేడియో కూడా ఎందుకో ఆగిపోయింది.

అప్పుడు మామిడి గుబురులోంచి ఒక నల్లటి పక్షి చప్పుడు లేకుండా దిగింది. పిండం పక్కనున్న అరటిపండు ముక్క కరుచుకుని, మెడ తిప్పి, సూటిగా అమ్మ వైపు చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ నాయనే," అంది అమ్మ మెల్లగా, విస్తరి ముందు కూర్చుంటూ. "ఆఖర్న ఆయన కండ్లు గూడా ఇట్లే ఎర్రగా ఉండినాయి."

నాకు ఒళ్లు జలదరించింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది! కానీ ఏళ్ల తరబడి పేపరాఫీసులో తప్పులు దిద్దిన నోరు కదా.

"అమ్మా, అది కాకి కాదు. మగ కోకిల. కాకి కంటే సన్నం, తోక పొడుగు, ముక్కు లేతపచ్చ. కాకికి ఎర్రకళ్లు ఉండవు."

అమ్మ విస్తరి ముందు నుంచి లేచింది. నాయన చెల్లెలు, మా అత్త, నా వైపు చూడకుండా అడిగింది.

"కాకి గాకపోతే, మరి వచ్చిండేది ఎవురప్పా?"

అందరం గోడ వైపు చూశాం. పక్షి లేదు.

అమ్మ ఇక తినదేమోనని నాకు భయమేసింది. మాట వెనక్కి తీసుకుందామని లోపలికి పరిగెత్తి, మద్రాసులో బొమ్మలు బాగున్నాయని కొన్న పక్షుల పుస్తకం తెచ్చాను. అందులో కాకి ఒక పేజీ నిండా, కోకిల ఎక్కడో చివర ఇంకో పేజీ నిండా. పిచ్చుక కూడా పేజీ నిండానే! పోలికలున్న పక్షులను పక్కపక్కనే, సైజు తెలిసేలా వేసిన పుస్తకం కొనమని ఒక లెక్చరర్ మిత్రుడు చెప్పనే చెప్పాడు. నేను అట్ట చూసి కొన్నాను.

"చూడమ్మా, రెండూ ఒకే మాదిరి ఉన్నాయి. కాకే అయ్యుంటుంది."

"ఇందాక గాదంటివి, ఇప్పుడు అవునంటావు. పేపర్లో గూడా ఇట్లే రాస్తావా?" అంది అమ్మ.

ఇక మిగిలింది ఒకటే దారి. గోడ దగ్గర నిలబడి "కా... కా..." అని పిలిచాను. పక్కింటావిడ కిటికీ మూసుకుంది. వెనక రెక్కల చప్పుడు. నెత్తి మీద ఠపీమని తన్నింది! బూడిదరంగు మెడ, నల్లటి కళ్లు. ఏ సందేహమూ లేదు, కాకే. నన్ను తన్ని, తాపీగా వెళ్లి పిండం తింది.

"ముట్టిందమ్మా! కూర్చో!"

అమ్మ ముఖం పాలిపోయింది. "నెత్తిన తన్నింది గదరా! సావు శకునం. పరిహారం అయ్యేదాకా మెతుకు ముట్టను."

ఆ పరిహారం మీకు తెలుసు. మనిషి పోయాడని చుట్టాలకు కబురు పంపాలి. వాళ్లు నమ్మి ఏడిస్తే దోషం పోతుంది. అత్త అప్పటికప్పుడు గూడూరులోని మా మేనమామకు నేను పోయానని అర్జంట్ టెలిగ్రాం ఇప్పించింది. అమ్మ భోంచేసింది. నేనూ తిన్నాను. పోయినవాడికి ఆకలి బాగానే వేసింది.

సాయంత్రం డ్యూటీకి వెళ్తే డెస్క్‌లో అందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన గోడ దాకా వెనక్కి జరిగాడు. మామయ్య ఆఫీసుకు ట్రంకాల్ చేసి బోరుమన్నాడట! నా మరణవార్త అప్పటికే కంపోజై, ప్రూఫ్ దిద్దడానికి వచ్చి ఉంది. అలవాటు చొప్పున కూర్చుని పెన్ను తీశాను.

"ఒకసారి చెప్పిన నిజాన్ని ఎవరి కోసమూ మార్చని మనిషి" అని రాశారు.

ముందు ఆ ముక్క కొట్టేశాను. చనిపోయానన్నది ఆ తర్వాత.