ల్యాప్‌టాప్‌లో మిగిలిన పేర్లు

2004లో నన్ను కొత్తగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాలో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా వేశారు. కౌన్సెలర్ అంటే రక్తపరీక్షకు ముందు, తర్వాత మనిషితో మాట్లాడే ఉద్యోగి. పరీక్ష చీటీ మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా ఒక్క కౌన్సెలర్ దగ్గరే ఉంటుంది. నా జాబితా ల్యాప్‌టాప్‌లో ఉండేది.

నాలుగేళ్లకు కొత్త కంప్యూటర్ వచ్చింది. జాబితాను అందులోకి మార్చాను. పాత ల్యాప్‌టాప్‌ను భద్రాచలంలో ఫోటో స్టూడియో నడిపే ఒకాయనకు అమ్మాలని అడ్మినిస్ట్రేటర్ ప్రకాశం గారు నిర్ణయించారు. ఆపరేటింగ్ సిస్టం మళ్లీ ఎక్కించి సిద్ధం చెయ్యమని నాకు చెప్పారు.

చెప్పినట్టే చేశాను. సీడీ పెట్టి, డిస్క్‌లో పాత భాగాలు తీసేసి, ఫార్మాట్ చేసి, ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న లైసెన్సు నంబరు కొట్టాను. గంటన్నరలో తెర కొత్తదానిలా వెలిగింది. ప్రకాశం గారు చూసి బాగుందన్నారు.

నాకే తృప్తి కలగలేదు. ఆ స్టూడియో ముందు 'పోయిన ఫోటోలు తిరిగి తెప్పించబడును' అని బోర్డు ఉండేది. ఫార్మాట్ చేస్తే ఫైళ్లు పోవు. పుస్తకంలో విషయసూచిక చింపినట్టు అవుతుంది, లోపలి పేజీలు అట్లాగే ఉంటాయి. ఖమ్మంలో ట్రైనింగ్ అప్పుడు ఇచ్చిన రికవరీ సీడీ పెట్టి చూశాను. ఇరవై నిమిషాలకు నా జాబితా లేచి వచ్చింది. నంబరు, పేరు, ఊరు.

మూడో వరుసలో ఒక కోయ ఆమె పేరుంది. ఇప్పుడూ ఆ పేరు రాయను. భర్త పోయాక పరీక్షకు వచ్చింది. పేరు చెప్పే ముందు నన్ను ఒకటే అడిగింది.

"నా పేరు బయటికి పోతదా అక్కా? ఊర్ల తెలిస్తే తునికాకు కల్లం కాడికి నన్ను రానియ్యరు."

ఆ కల్లంలో బీడీ ఆకు కట్టలు అమ్మితేనే ఆమెకు డబ్బులు. పోదని మాటిచ్చాను.

మర్నాడు పొద్దున్నే ప్రకాశం గారికి సంగతి చెప్పాను. అన్నీ తీసేశాక ఇంకేముంటుందని నమ్మలేదు, చూపించమన్నారు. జాబితా మీకు కూడా చూపించనని చెప్పి, అదే డిస్క్ నుంచి లేచిన ఇంకో ఫైలు తెరిచాను. ఆయన ఎప్పుడో వేరే దవాఖానాలో ఉద్యోగానికి టైపు చేసుకుని డిలీట్ చేసిన దరఖాస్తు. చదివి, మూత ఆయనే మూసేశారు.

అయినా వెనక్కి తగ్గలేదు. కొనేవాడు జీపులో వచ్చి కూర్చున్నాడని, తాను మాట ఇచ్చానని, తెలిసిన మనిషేనని, చూడడని అన్నారు.

"చూడడని మీరు సంతకం పెట్టి ఇయ్యండి సార్," అన్నాను. "పెట్టినా నేనియ్య."

ఉద్యోగం గుర్తుందా అని అడిగారు. ఉన్నది కాబట్టే ఇయ్యనంటున్నానని చెప్పాను. ల్యాప్‌టాప్ తీసుకుని కౌన్సెలింగ్ గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. రూలు ప్రకారం ఆ గది తాళంచెవి కౌన్సెలర్ దగ్గరే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌కు కూడా ఇవ్వనక్కర్లేదు. ట్రైనింగ్‌లోనే ఇచ్చిన ఇంకో సీడీ పెట్టాను.

డిస్క్ మొత్తం మీద సున్నాలు రాసే ప్రోగ్రాం అది. పాత అక్షరాల మీద కొత్త అక్షరాలు పడితేనే పాతవి నిజంగా పోతాయి. బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి కరెంటు పోయిన ప్రతిసారీ మొదటినుంచి మొదలు. ఆ రోజు మూడుసార్లు పోయింది. మధ్యాహ్నానికే స్టూడియో ఆయన విసుగొచ్చి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. పని మర్నాటికి పూర్తయింది. రికవరీ సీడీ మళ్లీ పెట్టి చూస్తే ఒక్క ఫైలూ లేవలేదు. అప్పుడు సిస్టం రెండోసారి ఎక్కించాను.

పై అధికారి ఆదేశం ధిక్కరించానని మెమో వచ్చింది. రెండు వాక్యాల్లో జవాబిచ్చాను: ధిక్కరించిన మాట నిజం. పేర్లు చెరపకుండా మళ్లీ అమ్మబోతే మళ్లీ ధిక్కరిస్తాను. ప్రకాశం గారు దాన్ని ఫైల్లో పెట్టించారు, అంతకు మించి పోలేదు. ల్యాప్‌టాప్‌ను ఆ తర్వాత నేలకొండపల్లి నుంచి వచ్చిన ఒక ట్యూషన్ మాస్టారు కొనుక్కున్నాడు.

తర్వాతి నెల ఆ కోయ ఆమె మందులకు వచ్చింది. ఈ గొడవ ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

కొత్త సిస్టం ఎక్కించడం వేరు, పాతదాన్ని చెరపడం వేరు. మొదటిదానికి ఆర్డరు వస్తుంది. రెండోదానికి ఎవరూ ఆర్డరు వెయ్యరు. పేర్లు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లే, వద్దన్నా సరే, చెయ్యాలి.